పదో నెల నడుస్తోంది, బాబు పాకడం లేదు. నిజంగా మెదడుకి నష్టమా?

నిజాంపేట_అమ్మ

అందరికీ నమస్తే. మా బాబుకి తొమ్మిది నెలలు నిండి పదో నెల నడుస్తోంది. మాది నిజాంపేటలో అపార్ట్‌మెంట్, ఐదో ఫ్లోరు. బోర్లా పడ్డాడు, బొబ్బట్లు చేసి ఫ్లోరంతా పంచాం. కాస్త ఆలస్యమైనా కూర్చుంటున్నాడు. కానీ మోకాళ్ళ మీదకి మాత్రం రావడం లేదు. కూర్చునే జరుగుతాడు. కుడి చెయ్యి నేలకి ఆనించి తోసుకుంటూ, ఒక కాలు ఈడ్చుకుంటూ సోఫా దగ్గర్నుంచి టీవీ దాకా వెళ్ళిపోతాడు. స్పీడుకేం తక్కువ లేదు.

మా అత్తమ్మది సిద్దిపేట దగ్గర పల్లె. "ఏం గాదు బిడ్డా, మీ ఆయన గూడ గిట్లనే జరుక్కుంట తిరిగిండు" అంటుంది. ఆమె కర్ర నడకబండి కొందామంటే, అది ఇప్పుడెక్కడ దొరుకుతుందని మా ఆయన ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ వాకర్ చూసి కార్ట్‌లో పెట్టేశారు.

ఇంతలో మా దగ్గర్లో చిన్నపిల్లల మెదడు వికాసం క్లాసులు చెప్పే ఒక సెంటర్‌కి వెళ్ళాం. అక్కడి మేడమ్ బాబుని రెండు నిమిషాలు చూసి, పాకకుండా నడిస్తే కుడి మెదడు, ఎడమ మెదడు కలవవు, రేపు స్కూల్లో రాయడం రాదు, లెక్కలు రావు అన్నారు. మూడు నెలల ప్యాకేజీ ముప్పై వేలు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

వాడు చాలా చురుకు. రిమోట్ ఎక్కడ పెట్టినా లాగేస్తాడు. ఎడమ పక్కన పెట్టినా నడుం తిప్పి మరీ కుడి చేత్తోనే అందుకుంటాడు. అచ్చం వాళ్ళ తాతలాగే గట్టి కుడిచేతి వాటమని అత్తమ్మ ఒకటే మురిసిపోవడం. ఇంత చురుకైన పిల్లాడికి పాకకపోవడం వల్ల మెదడు ఎదగకుండా పోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

ఇద్దరు_పిల్లల_నాన్న

వాకర్ మాత్రం కొనకండి. మా తమ్ముడి కొడుకు వాకర్‌తో సహా వరండా మెట్టు మీంచి దొర్లాడు, నుదుటి మీద కుట్లు పడ్డాయి. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. మా క్లయింట్ టొరంటోలో ఉంటాడు, కాల్‌లో ఈ మాట చెబితే ఇంకా అమ్ముతున్నారా అని నోరెళ్ళబెట్టాడు. మీ పోస్టు కింద నాదీ ఒక డౌటు. మా చిన్నదానికి మూడు నెలలు. నిద్దట్లో వేళ్ళు, కాళ్ళు టక్కుటక్కున అదురుతుంటాయి. మా అమ్మ రోజూ సాయంత్రం దిష్టి తీస్తోంది. అది మామూలేనా?

మలక్‌పేట_ఫిజియో

అమ్మా, నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. ముందు ఒక పని చెయ్యండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

బాబు నిద్ర లేచి, కడుపు నిండి హుషారుగా ఉన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని పల్చటి చున్నీ ముఖం మీద వెయ్యండి. కుడి చేత్తో లాగేస్తాడు, అది మీరే రాశారు. రెండోసారి ఆ కుడి చేతిని మెల్లగా పట్టుకుని వెయ్యండి. అప్పుడు ఎడమ చెయ్యి పైకొస్తుందా? వస్తే వేళ్ళు విచ్చుకుని బట్టని పట్టుకుంటాయా, పిడికిలితోనే ముఖం రుద్దుకుంటాడా? అలాగే ఎడమ బొటనవేలు ఎక్కువసేపు పిడికిట్లోనే ముడుచుకుని ఉంటోందా చూడండి. కూర్చున్నప్పుడు ఎడమ పక్కకి కొంచెం ఒరిగిస్తే ఆ చెయ్యి చాచి నేలకి ఆనించుకుంటాడా? డైపర్ మార్చేటప్పుడు ఒక కాలు రెండోదానికంటే బిగుసుగా ఉంటుందా? ఈడ్చుకునే కాలు ఏదో మీరు రాయలేదు, అదీ చెప్పండి.

ఎందుకు అడుగుతున్నానంటే, పాకడం గురించి మీరు అంత రాసినా నా కన్ను రిమోట్ దగ్గర ఆగిపోయింది. ఏడాది లోపు పిల్లలు ఏ చెయ్యి దగ్గరగా ఉంటే దాన్నే చాస్తారు. కొందరిలో ఒక వైపు కాస్త మొగ్గు ఉండొచ్చు. కానీ ఎడమ చేతి పక్కనే ఉన్న వస్తువు కోసం నడుం తిప్పి కుడి చెయ్యి వాడుతున్నాడంటే, ఈ వయసులో దాన్ని చేతివాటం అనుకోకూడదు. ఎడమ చెయ్యి ఎందుకు రావడం లేదో ఎవరో ఒకరు చూడాలి. భుజం నరం కావచ్చు, మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ బలహీనంగా ఉండొచ్చు, ఏమీ కాకపోవచ్చు కూడా. తేల్చాల్సింది మీ పిల్లల డాక్టరు. అపాయింట్‌మెంట్ వచ్చే నెలకి కాదు, ఈ వారంలోనే.

ఇక పాకడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియాతో సహా ఐదు దేశాల్లో పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు ప్రచురించింది. చేతులు, మోకాళ్ళ మీద పాకడం 5.2 నెలల నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా మొదలు కావొచ్చు. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. వాళ్ళు చూసిన పిల్లల్లో 4.3 శాతం మంది అసలు అలా పాకనే లేదు, అందరూ ఆరోగ్యమైన పిల్లలే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో ఎదుగుదల జాబితాని సవరించినప్పుడు పాకడాన్ని అందులోంచి తీసేసింది. అందుకే పాకకపోతే రెండు మెదళ్ళూ కలవవనే మాటకి ముప్పై వేలు ఇవ్వకండి. మెదడు రెండు సగాల్నీ కలిపే నరాల కట్ట బిడ్డ పుట్టేటప్పటికే ఉంటుంది. ఇంత చెప్పిన మేడమ్‌కి ఆ ఎడమ చెయ్యి కనిపించకపోవడమే నాకు కోపం తెప్పిస్తోంది.

అయితే మెదడుకీ కదలికకీ సంబంధం లేదా అంటే చాలా ఉంది. కాకపోతే అది పాకడం, నిలబడటం, నడవడం అని వరుసగా టిక్ పెట్టుకునే జాబితాలో లేదు. బిడ్డ తనంతట తాను కదలాలి, ఆ కదలికకి ఏం జరిగిందో కళ్ళకీ చర్మానికీ కండరాలకీ తెలియాలి.

1963లో రిచర్డ్ హెల్డ్, అలాన్ హైన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం మా చదువులో అందరికీ చెబుతారు. చీకట్లో పెంచిన పిల్లికూనల్ని రోజూ కాసేపు జంటలుగా చారల గోడలున్న గుండ్రటి గదిలోకి తెచ్చేవారు. ఒక కూన తన కాళ్ళతో తాను గుండ్రంగా నడుస్తుంది. రెండోది చిన్న తొట్టెలో కూర్చుని ఉంటుంది. మొదటిది ఎటు నడిస్తే తొట్టె అటు తిరుగుతుంది. రెండు కూనలూ చూసింది దాదాపు ఒకటే. తర్వాత పరీక్షిస్తే నడిచిన కూన బల్ల దగ్గరికి దించగానే కాళ్ళు చాచింది, లోతుగా కనిపించే అంచు దగ్గర వెనక్కి తగ్గింది. తొట్టెలో తిరిగిన కూన ఈ రెండూ చెయ్యలేదు. స్వేచ్ఛగా తిరగనిచ్చాక అదీ కోలుకుంది, కంగారు పడకండి.

మన ఇళ్ళలో ఆ తొట్టెలు చాలానే ఉన్నాయి. బౌన్సర్, కారు సీటు, హైచైర్, వాకర్. వాకర్‌లో బిడ్డ కాళ్ళు ఆడిస్తాడు, నిజమే. కానీ బరువు మోసేది సీటు, పడకుండా కాసేది చక్రాలు, పెద్ద ట్రే ఉంటే తన కాళ్ళు తనకి కనిపించవు కూడా. అలాంటి వాకర్లలో పెరిగిన పిల్లలు కూర్చోవడం, పాకడం, నడవడం అన్నీ ఆలస్యంగా నేర్చుకున్నారని 1999లో సీగల్, బర్టన్ అనే పరిశోధకులు చూపించారు. కార్ట్‌లోంచి తీసేయమని మీవారికి చెప్పండి.

న్యూయార్క్‌లో కారెన్ అడాల్ఫ్ అనే ఆవిడ పిల్లల నడక మీదే జీవితమంతా పనిచేస్తున్నారు. 2012లో ఆవిడ బృందం, 12 నుంచి 19 నెలల పిల్లల్ని ఆడుకోనిచ్చి అడుగులు లెక్కపెట్టింది. సగటున గంటకి 2,368 అడుగులు, 17 సార్లు పడటం. మన హాల్లో ఒక్కసారి పడితే ముగ్గురం పరిగెత్తుతాం! ఇంకో సంగతి కూడా ఆవిడే తేల్చారు. కూర్చున్నప్పుడు ఎంత దూరం వంగితే పడతామో బాగా తెలిసిన బిడ్డే, కొత్తగా పాకేటప్పుడు అంతే ఖాళీ ఎదురైతే తెలియక ముందుకి పోతాడు. ఒక భంగిమలో వచ్చిన తెలివి ఇంకో భంగిమకి దానంతట అది రాదు. మళ్ళీ మొదటి నుంచి కదిలి, పడి నేర్చుకోవాల్సిందే. అందుకే నేల మీద వదలమంటాం. ఏడాది లోపు బిడ్డని దేన్లోనైనా కట్టి కూర్చోబెడితే ఒక్క దఫాకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇంకా కదలలేని పసిపిల్లలకైతే మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తమ్మీద కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకోబెట్టమంది. నిద్రకి మాత్రం వెల్లకిలాయే.

ఇద్దరు పిల్లల నాన్నగారూ, మీ పాప అదురు మామూలే. పైగా ఆసక్తికరమైన సంగతి. అయోవా యూనివర్సిటీలో మార్క్ బ్లంబర్గ్ బృందం ఎలుక పిల్లల మీద ఏళ్ళ తరబడి ఇదే చూస్తోంది. నిద్దట్లో కాలు అదిరినప్పుడు ఆ కబురు కాలి నుంచి మెదడుకి చాలా గట్టిగా చేరుతుంది. అదే వయసులో మెలకువగా కదిలినప్పుడు అంత గట్టిగా చేరదు. ఏ కండరం ఎక్కడుందో మెదడు నిద్దట్లో ఇలా తెలుసుకుంటుందని వాళ్ళ వాదన. దిష్టి తియ్యనివ్వండి, పెద్దావిడ తృప్తి. ఒకటి మాత్రం గమనించండి. లేపగానే ఆగిపోతే సరే. మెలకువలోనూ ఒకే లయలో అదిరినా, నిద్ర లేచే సమయంలో వరస వరసగా ముందుకి ముడుచుకుపోతున్నా వీడియో తీసి అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

నిజాంపేట_అమ్మ

మేడమ్, పొద్దున్నే చేసి చూశాం. కుడి చెయ్యి పట్టుకుంటే ఏడుపు. ఎడమ చెయ్యి పైకొచ్చింది కానీ మీరన్నట్టు పిడికిలితోనే రుద్దాడు, చున్నీ జారింది గానీ పట్టుకోలేదు. ఈడ్చేది ఎడమ కాలే. బొటనవేలు లోపలే ఉంటోంది. ఇన్నాళ్ళూ గోళ్ళు తీసేటప్పుడు ఆ చెయ్యి తెరవడానికి నేను పడే పాట్లు ఇప్పుడు అర్థమవుతున్నాయి. అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికింది. చేతులు వణుకుతున్నాయి. అసలు కదలిక తక్కువైతే మెదడుకి ఏం అవుతుంది? వాడని చెయ్యి అలాగే ఉండిపోతుందా?

మలక్‌పేట_ఫిజియో

ఉండిపోతుందని ఎవరన్నారు? అందుకే కదా పది నెలలకే చూపించమంటున్నది.

మెదడు నుంచి వెన్నుపాము దాకా దిగే ఒక పెద్ద నరాల దారి ఉంది, చేతి వేళ్ళకి ఆజ్ఞలు పోయేది దాని గుండానే. పుట్టినప్పుడు మెదడు కుడి సగం నుంచి రెండు చేతులకీ, ఎడమ సగం నుంచి రెండు చేతులకీ తీగలుంటాయి. తర్వాత అవతలి చేతికి పోయేవి గట్టిపడతాయి, ఇవతలివి చాలావరకు తగ్గిపోతాయి. మా నాన్నది సాగర్ ఎడమ కాలువ కింద పొలం కాబట్టి నాకు తోచే పోలిక అదే: నీళ్ళు పారుతున్న పిల్లకాలువ నిలుస్తుంది, పారని దాంట్లో తుంగ మొలిచి పూడిపోతుంది. అమెరికాలో జాన్ మార్టిన్ అనే శాస్త్రవేత్త పిల్లికూనల్లో, పుట్టిన కొద్ది వారాలకి మెదడులో ఒక వైపు కదలిక కేంద్రాన్ని కొంతకాలం పనిచెయ్యకుండా ఆపి చూశారు. ఆ వైపు తీగలు పట్టు కోల్పోయాయి, పనిచేస్తున్న వైపు తీగలు ఆ జాగాలోకి చొరబడ్డాయి. మనుషుల్లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జానెట్ ఐర్ బృందం పుట్టిన దగ్గర్నుంచి పిల్లల్ని పరీక్షిస్తూ, ఈ సర్దుబాటు ప్రధానంగా మొదటి రెండేళ్ళలో జరుగుతుందని చూసింది.

ఇప్పుడు మీ బాబు సంగతికి రండి. వాడు తెలివైనవాడు, అందుకే పని అయ్యే చెయ్యినే వాడుతున్నాడు. వాడని కొద్దీ ఎడమ చేతికి మెదడులో వంతు తగ్గుతుంది, తగ్గిన కొద్దీ ఇంకా వాడడు. డాక్టర్ చూసి అవసరమంటే, బాగున్న చేతికి మెత్తటి గ్లౌజు లాంటిది రోజూ కాసేపు తొడిగి రెండో చేత్తో ఆడించే పద్ధతి పసిపిల్లలకీ ఉంది. యూట్యూబ్ చూసి మీరే మొదలెట్టకండి. ఎంతసేపు, ఎన్ని వారాలు, ఎప్పుడు రెండు చేతుల ఆటకి మారాలి అనేవి బిడ్డని చూసి నిర్ణయించాలి. మంచి చెయ్యి కూడా ఇంకా ఎదుగుతున్నదే.

బోడుప్పల్_అమ్మమ్మ

నేను నలుగురు పిల్లల్ని, ఆరుగురు మనవల్ని పెంచిన. నూనె రుద్ది, కాళ్ళ మీద పండవెట్టి నీళ్ళు వోసి, చీర ఊయలల ఏస్తే సక్కగ పండుకునేటోళ్ళు. ఇవన్నీ చూసుకుంట కూసున్నమా? ఊయల గూడ తప్పేనా ఇగ?

మలక్‌పేట_ఫిజియో

అమ్మా, ఊయల తప్పని నేననలేదు. తజికిస్థాన్‌లో గహ్వారా అనే ఊయల ఉంది. పసిపిల్లల్ని అందులో చేతులు, కాళ్ళు కదలకుండా కట్టి గంటల తరబడి పడుకోబెడతారు. వాళ్ళు కూర్చోవడం, నడవడం ఆలస్యమైంది కానీ నాలుగైదేళ్ళకి మిగతా పిల్లల్లాగే పరిగెత్తుతున్నారని అక్కడ చేసిన పరిశోధన చెప్పింది. బాగున్న బిడ్డ కొంత ఆలస్యాన్ని తట్టుకుంటాడు. దానికి ఇంకో కొస కూడా ఉంది. 1960లో వేన్ డెనిస్ అనే ఆయన టెహ్రాన్ అనాథాశ్రమాల గురించి రాశారు. తొట్లలో వెల్లకిలా పడుకోబెట్టి, ఎత్తుకునేవాళ్ళు లేక పెరిగిన ఆ పిల్లల్లో రెండో ఏడు వచ్చినా కూర్చోలేనివాళ్ళే ఎక్కువ. మీరు కాళ్ళ మీద పండబెట్టి తిప్పి తిప్పి నీళ్ళు పోశారు చూడండి, అది ఆ పిల్లలకి దొరకలేదు. మీ నలుగురూ బాగున్నారు, సంతోషం. ఈ బాబుకి ఒక చెయ్యి రావడం లేదు, అది వేరే లెక్క.

నిజాంపేట_అమ్మ

డాక్టర్ చూశారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు బిగువు కొంచెం ఎక్కువగా ఉందన్నారు. ఎంఆర్ఐ రాశారు, కానీ రిపోర్టు కోసం ఆగకుండా థెరపీ మొదలుపెట్టమన్నారు. పాకడం గురించి ఒక్క మాట కూడా అడగలేదు! ఇంట్లో మాత్రం గొడవ. నేను ఆఫీస్ కాల్స్‌లో ఉండి బాబుని బౌన్సర్‌లో కూర్చోబెట్టినందుకే ఇలా అయిందని మా ఆయన వాళ్ళక్క ఫోన్ చేసి మరీ అంది. అత్తమ్మ ఏం మాట్లాడటం లేదు, పూజ గదిలో కూర్చుంటోంది. థెరపీకి ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్పండి.

మలక్‌పేట_ఫిజియో

బౌన్సర్ వల్ల ఒక్క పక్కే బిగుసుకోదు. మీ ఆడపడుచుకి ఈ వాక్యం స్క్రీన్‌షాట్ తీసి పంపండి. ఇలాంటివి ఎక్కువగా కడుపులో ఉన్నప్పుడో, పుట్టే సమయంలోనో జరుగుతాయి. చెయ్యి చాచి వస్తువులు అందుకునే వయసు వచ్చేదాకా బయటికి కనిపించవు. ఎంఆర్ఐకి కదలకుండా ఉండాలి కాబట్టి మత్తు ఇస్తారు. ఎన్ని గంటల ముందు నుంచి పాలు ఆపాలో ముందే అడిగి రాసుకోండి.

థెరపీకి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ. బోయిన్‌పల్లి వైపు వెళ్ళి మనోవికాస్‌నగర్ అంటే ఆటోవాళ్ళకి తెలుస్తుంది. చిన్నపిల్లల కోసం విడిగా విభాగం ఉంది. ప్రభుత్వం 2013లో ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే పిల్లల ఆరోగ్య పథకం పెట్టింది, దాని కింద జిల్లా స్థాయిలో ఇలాంటి పిల్లల కోసం కేంద్రాలున్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే దారి చెబుతుంది. ప్రైవేటులో వెళ్తే ఒక్కటే చూసుకోండి: గంటసేపు థెరపిస్టే బిడ్డ చేతుల్ని ఆడించి పంపేస్తే వద్దు. బిడ్డే చెయ్యి చాచేలా ఆట పెట్టి, ఇంట్లో ఎలా చెయ్యాలో మీకు నేర్పాలి.

అత్తమ్మని పూజ గదిలోంచి పిలవండి, ఆమెకి చాలా పని ఉంది. నూనె రుద్దేటప్పుడు ఎడమ పిడికిలిని వేళ్ళు పట్టి లాగి తెరవొద్దని చెప్పండి. మణికట్టుని కొంచెం కిందికి వంచి, బొటనవేలి మొదట్లో నెమ్మదిగా నిమిరితే చాలాసార్లు వేళ్ళు వాటంతటవే విచ్చుకుంటాయి. అప్పుడు అరచేతిలో సున్నిపిండి పెట్టి రుద్దమనండి, గరుకు తెలియాలి. స్టీలు గిన్నె, చెక్క గరిటె లాంటి రెండు చేతులూ కావాల్సిన వస్తువులివ్వండి. ఒక చేత్తో పట్టలేనంత పెద్ద బంతి కూడా మంచిదే. రిమోట్ కుడి పక్కన పెట్టకండి, ఎదురుగా మధ్యలో పెట్టండి. నేల మీద మందపాటి బొంత చాలు, నున్నటి టైల్స్ మీద సాక్సులు విప్పేయండి.

థెరపీకి వెళ్ళే ముందు ఫోన్‌లో రెండు వీడియోలు తీసి పెట్టుకోండి. కూర్చుని ఆడుకునేది ఒకటి, నేల మీద జరిగేది ఒకటి, ఎదురు నుంచి తీయండి. కొత్త గదిలో తెల్లకోటు చూడగానే పిల్లలు అమ్మ మెడ పట్టుకుని ఏడుస్తారు, ఇంట్లో చేసేదేదీ చెయ్యరు.